పీకల్లోతు గీత: ఒక లంక ఊరి గోడ బొమ్మ

గోదావరి లంకల్లో ఒక ఊళ్ళో నేను రెండుసార్లు గోడ బొమ్మ వేశాను. మొదటిది ఏడాది కూడా నిలవలేదు. రెండోది ఏటా మాసిపోతూ, ఏటా మళ్ళీ గీయించుకుంటూ ఇప్పటికీ ఉంది. పనితనం చూస్తే మొదటిదే గొప్పది. అందులో నా ముప్పై ఏళ్ళ చేతిపని అంతా పెట్టాను. అయినా ఊరు దాన్ని పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకోలేదో అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు, కళ వల్ల సమాజానికి ఏం ఒరుగుతుంది మేష్టారూ అని. ఇదివరకు గంటసేపు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఈ గోడ సంగతి చెబుతున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఏ పాయ ఒడ్డునో కూడా చెప్పను. మాటలు వాడుకోమన్నవాళ్ళ మాటలే ఇక్కడ ఉన్నాయి.

నేపథ్యం

నేను బోర్డులు రాస్తూ పెరిగినవాణ్ణి. ఎరువుల ప్రకటనలు, సినిమా హాళ్ళ బోర్డులు, లారీల వెనక నెమళ్ళు, పెళ్ళిళ్ళకి స్వాగత తోరణాలు, అన్నీ రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని మూడొంతులు పోయింది. మిగిలింది బడి గోడలు, గుడి గోడలు, పిల్లలకి డ్రాయింగ్ చెప్పడం.

కుర్రతనంలో రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా దామెర్ల రామారావు చిత్రశాలలో కూర్చునేవాణ్ణి. ఆయన 1897లో పుట్టి 1925లో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండీ నిండని బతుకులో అంత పని చేశాడు. ఆ బొమ్మల ముందు నిలబడితే, చిత్రకారుడంటే జనానికి అందం చూపించేవాడు, వాళ్ళ కళ్ళు తెరిపించేవాడు అనిపించేది. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు. కానీ జనం కళ్ళు మూసుకుని ఉన్నారని నాకు ఎవరు చెప్పారు? ఆ ప్రశ్న అప్పట్లో నాకు తట్టలేదు.

ఇక ఊరు. లంక ఊరంటే రెండు ఏటిగట్ల నడుమ, అంటే గట్టు కాపుదల బయట ఉండేది. అరటి, కొబ్బరి, కంద, కూరగాయలు పండుతాయి. ఏటా వరద వదిలివెళ్ళే ఒండ్రు వల్లే ఆ నేల అంత బలంగా ఉంటుంది. బతికించేదీ, ముంచేదీ ఆ నీళ్ళే కాబట్టి గోదారిని అక్కడ ఎవరూ తిట్టరు. ఊళ్ళో మెరక మీద పెద్దవీధి, పల్లంలో పేట. నీళ్ళు ముందు పేటలోకి వస్తాయి. పెద్దవీధి అరుగులు తడిసేసరికి పేటలో మొలలోతు ఉంటుంది. ఈ సంగతి ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బొమ్మ వేయడానికి వెళ్ళిన నాకే తెలియదు.

వచ్చిన పని

2019 చివర్లో ఆ ఊరి యువకులు కొందరు నా దగ్గరికి వచ్చారు. హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న ఊరివాళ్ళు డబ్బు ఇస్తామన్నారట. వాళ్ళు చెప్పిన సమస్య ఇది: వరద హెచ్చరిక వచ్చినా జనం కదలరు, పడవలు వచ్చి బతిమాలినా ఎక్కరు, చివరికి అర్ధరాత్రి పిల్లల్ని ఎత్తుకుని పరిగెడతారు. "అవగాహన కలిగేలా ఒక పెద్ద బొమ్మ వేయండి మేష్టారూ, ఊళ్ళోకి వచ్చినవాళ్ళు కూడా ఫోటో తీసుకునేలా ఉండాలి" అన్నారు.

నేను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఒప్పుకున్నాను. జనానికి తెలియదు, మనం తెలియజెప్పాలి అన్న మాట నాకు అంత సహజంగా వినిపించింది. ఎవరు కదలడం లేదు, ఎందుకు కదలడం లేదు అని పేటలోకి వెళ్ళి అడిగి ఉంటే ఈ కథ సగానికి తగ్గిపోయేది.

మొదటి బొమ్మ

పెద్దవీధి మొగలో మూతబడిన పాత రైసు మిల్లు ఉంది. దాని గోడ ఎంచుకున్నాను. దారినపోయేవాళ్ళందరికీ కనబడుతుంది, ఎదురుగా ఖాళీ స్థలం ఉంది, ఇరవై నాలుగు అడుగుల పొడవు దొరికింది. నా లెక్కంతా చూపు కోసమే. ఆ గోడ దగ్గరికి ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నది లెక్కలోకి రాలేదు.

పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, మంచి ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రంగుతో పదిహేను రోజులు వేశాను. నడుమ గోదారమ్మ, చుట్టూ నీలం కెరటాలు, పడవ, పడవలో తల్లీబిడ్డా, వెనక కొబ్బరిచెట్లు, పొద్దుపొడుపు. కింద పెద్ద అక్షరాలతో ఒక నినాదం. 2020 సంక్రాంతికి పూర్తయింది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

ఆగస్టులో వరద వచ్చింది. మిల్లు గోడ అడుగు భాగం కొన్ని రోజులు నీళ్ళలో నానింది. నీళ్ళు తీశాక చూద్దును కదా, రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. దానికి కారణం ఉంది. అది సున్నంతో కట్టిన పాత ఇటుక గోడ. డెల్టాలో భూమిలో నీళ్ళు పైపైనే ఉంటాయి. గోడ ఆ చెమ్మని కిందినుంచి పీల్చుకుంటుంది, ఎండకి బయటికి వదులుతుంది. ఎమల్షన్ ఆ దారి మూసేసింది. వెళ్ళే దారి లేక చెమ్మ, దానితో వచ్చిన ఉప్పు రంగు వెనక చేరి పొరని తోసేశాయి. సున్నం కొట్టిన గోడ అయితే ఊపిరి తీసుకుంటుంది. మా నాన్న తరం మేస్త్రీలందరికీ తెలిసిన సంగతే. డబ్బా మీద పదేళ్ళ గ్యారంటీ చూసి నేను మర్చిపోయాను.

దసరా వెళ్ళాక మళ్ళీ వెళ్ళాను. తల్లీబిడ్డల పడవ మీద వరసగా పిడకలు కొట్టి ఉన్నాయి. గుండెల్లో కలుక్కుమంది. కొట్టినావిడ పేటనుంచి వచ్చి పశువుల దగ్గర పని చేసే పెద్దామె, అరవై దాటి ఉంటాయి. కోపం దిగమింగుకుని, ఇక్కడే ఎందుకు కొట్టావమ్మా అన్నాను. "ఎండ బాగా తగుల్తాదండి బాబూ ఈ గోడకి. రంగేసినాక పిడక తేలిగ్గా ఊడొస్తంది కూడాను" అంది. ఆమె మాటలో ఎగతాళి లేదు. నా బొమ్మలో ఆమెకి పనికొచ్చిన గుణం అదొక్కటే.

బొమ్మ ఎలా ఉందమ్మా అన్నాను. కాసేపు చూసి, "బాగుందండి. అయితే ఇది గోదారి కాదు కదా, సముద్రం కదా?" అంది. నీలం నీళ్ళు. వరద గోదారి నీలంగా ఉండదు. చెంబుతో ముంచితే టీ నీళ్ళలా ఎర్రగా, అడుగున మట్టి పేరుకుంటూ ఉంటుంది. పుట్టిందగ్గర్నుంచీ ఆ ఎర్ర నీళ్ళు చూస్తున్నవాణ్ణి నేను. కుంచె పట్టుకోగానే చేయి నీలం డబ్బా వైపు పోయింది.

అసలు అడిగిందేమిటి

ఆ రోజు పెద్దామె వెంట పేటలోకి వెళ్ళాను. అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చారు. వరదప్పుడు ఎందుకు ముందుగా వెళ్ళరు అని అప్పుడు అడిగాను, ఏడాది ఆలస్యంగా.

జవాబులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. గేదెని ఎక్కడ కట్టాలి? కోళ్ళు? తాళం లేని ఇల్లు ఎవరు చూస్తారు? రెండుసార్లు గట్టు మీదికి వెళ్తే నీళ్ళు గుమ్మం దాకా కూడా రాలేదు, రెండు రోజుల కూలి పోయింది. ఆ మాటల్లో పెద్దామె కోడలు అన్నది నేను మర్చిపోలేను. "టీవీలో ధవళేశ్వరం కాడ రెండో ప్రమాద హెచ్చరిక, పదమూడు ముప్పావు అడుగులంటారండి. ఆ పదమూడు ముప్పావు మా గుమ్మం కాడ ఎంతండి? అది చెప్పేవోళ్ళు లేరు."

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నదికి ఎగువన ఉన్న భద్రాచలంలో 43, 48, 53. ఈ అంకెలు డెల్టాలో అందరి నోళ్ళలోనూ ఉంటాయి. భద్రాచలంలో పెరిగింది ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూ ఇటూ పడుతుందనీ అందరికీ తెలుసు. అంటే అవగాహనకి లోటు లేదు. అంకెకీ గుమ్మానికీ నడుమ వంతెనే లేదు. వెళ్ళాలా ఆగాలా అన్నది వాళ్ళు బుద్ధితోనే తేల్చుకుంటున్నారు, కాకపోతే కొలత చేతిలో లేకుండా తేల్చుకుంటున్నారు.

అక్కడే మాటల్లో ఇంకొకటి పట్టుకున్నాను. వాళ్ళెవరూ అడుగుల్లో చెప్పడం లేదు. "2020లో మొల దాటింది", "మొలలోతయితే గేదె తిప్పలు పడతాది", "86లో పీకల్లోతండి". వాళ్ళ కొలబద్ద ఒళ్ళే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నది 75.6 అడుగులకి ఎక్కింది. అది పుస్తకంలో ఉంటుంది. ఇక్కడ పీకల్లోతు అంటారు. ఎవరి పీక? ఏ నేల మీద నిలబడి? బొమ్మ అక్కడినుంచి మొదలవ్వాలని అనిపించింది.

డెల్టాలో ఏ ఊరికి వెళ్ళినా కాటన్ దొర విగ్రహం కనిపిస్తుంది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసినాయన. ఆ కృతజ్ఞత నిజమైనది, నేనూ రెండు విగ్రహాలకి రంగులు వేశాను. కానీ నీళ్ళ గురించి మనం నిలబెట్టుకున్న బొమ్మలన్నీ నీళ్ళు తెచ్చిన మనిషివే. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే బొమ్మ నేనైతే చూడలేదు.

గీతలు వెతకడం

2022 జనవరి నుంచి మళ్ళీ మొదలుపెట్టాం. నడుమ కరోనా వల్ల చాలా కాలం పోయింది. ఈసారి కుంచె కంటే ముందు మేస్త్రీల లెవెల్ పైపు కొన్నాను. పారదర్శకంగా ఉండే సన్న ప్లాస్టిక్ గొట్టం, అందులో నీళ్ళు. ఒక కొస ఇక్కడ, ఒక కొస అక్కడ పట్టుకుంటే రెండు చోట్లా నీటిమట్టం ఒకే ఎత్తులో నిలుస్తుంది.

1986 గుర్తు గురించి పెద్దవాళ్ళని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క ఎత్తు చూపించారు. రెండడుగుల దాకా తేడా వచ్చింది. నాతో ఉన్న కుర్రాళ్ళు, జ్ఞాపకం అంటే అంతే మేష్టారూ, సగటు తీసేద్దాం అన్నారు. నాకు మనసొప్పలేదు. బతికి బయటపడ్డవాళ్ళు తమ ప్రాణం పోయేంత ఎత్తుని తప్పు గుర్తుపెట్టుకుంటారా?

పెద్దామె తన ఇంటి గోడ దగ్గర నిలబడి, అరచెయ్యి గొంతు కింద గుంట దగ్గర ఆనించింది. "ఇక్కడికండి. చంకలో పిల్లని తలకెత్తుకున్నాను." ఆ చెయ్యి గోడ మీదికి జరిపి అక్కడ బొగ్గుతో గీసుకున్నాను. రామాలయం మండపం స్తంభం మీద పూజారి గారు చూపించిన గుర్తుకి పైపు పట్టి చూస్తే ఆమె గుర్తు రెండడుగులు పైకి వచ్చింది. ఇద్దరిలో ఎవరో పొరబడ్డారనుకున్నాం. అప్పుడు ఆమె కొడుకు అన్నాడు, "అమ్మ నిలబడింది ఇప్పటి నేల మీద కదండీ. సిమెంటు రోడ్డు వేసినప్పుడు మా వాకిలంతా మట్టి పోసి లేపాం." పాత గడప ఎక్కడుందో పలుగుతో తవ్వి చూశాం. రెండడుగులకి రెండు వేళ్ళు తక్కువ. ఆ లోతు తీసేస్తే గుడి గుర్తుకీ ఆమె గుర్తుకీ నడుమ నాలుగు వేళ్ళు కూడా తేడా లేదు. పారే వరదకి వాలు ఉంటుంది, అంత దూరానికి ఆ మాత్రం తేడా ఉండనే ఉంటుంది.

ముప్పై ఆరేళ్ళ తర్వాత ఒక ఒంటి గుర్తు బెత్తెడు తేడా లేకుండా నిలబడింది. మారింది నేల. ఆ సాయంత్రం నాకు కళ్ళు చెమర్చాయి. తప్పుగా చూపించారనుకున్న మిగతావాళ్ళ గుర్తుల్ని కూడా పాత నేల లెక్కన చూసుకుంటూ పోతే చాలావరకు దగ్గరికి వచ్చాయి.

హెచ్చరికల సంగతి వేరే కష్టం. ధవళేశ్వరంలో 13.75 ఉన్నప్పుడు పేటలో ఎంత ఉంటుందో ఎవరి దగ్గరా రాసి లేదు. ఒక కుర్రాడి ఫోన్లో 2020 ఆగస్టు ఫోటోలు దొరికాయి, కరెంటు స్తంభం దగ్గర నీళ్ళు, టైముతో సహా. ఆ గంటల్లో ధవళేశ్వరం మట్టం ఎంతో అప్పటి వార్తల్లోంచి ఏరి పక్కపక్కన పెట్టాం. అయినా కచ్చితం అనలేం. సముద్రం పోటు మీద ఉంటే నీళ్ళు తీయవు, ఆటు మీద ఉంటే తొందరగా లాగుతాయి. అందుకని హెచ్చరికల్ని గీతలుగా వద్దు, జానెడు వెడల్పు పట్టీలుగా వేద్దాం అన్నాను. తెలిసినంతే గట్టిగా చెప్పాలి. సన్నగీత గీస్తే అంత సన్నగా మాకు తెలుసని అబద్ధం చెప్పినట్టవుతుంది. 1986 మాత్రం గీతే, ఎందుకంటే దాన్ని కొలిచాం.

గోడ, మట్టి, మనుషులు

గోడ ఏది? రామాలయం వద్దు, చర్చి వద్దు అని పేటవాళ్ళే అన్నారు, అందరూ ఆనుకుని కూర్చునే చోటు కావాలన్నారు. కమ్యూనిటీ హాలు బయటి గోడ తేలింది. పల్లంలో ఉంది, నీళ్ళు ముందు అక్కడికే వస్తాయి. పెద్దవీధిలో కొందరికి ఇది నచ్చలేదు. డబ్బు ఇచ్చినవాళ్ళు కూడా, ఎవరికీ కనబడని చోట ఎందుకు అన్నారు. ఎవరికి కనబడాలో వాళ్ళకి కనబడుతుంది కదండీ అన్నాను. ఆ మాట మొదటి బొమ్మప్పుడు అనగలిగి ఉంటే బాగుండేది.

రంగు విషయంలో నీలం వద్దు, పసుపు వద్దు, ఆకుపచ్చ వద్దు. పల్లెల్లో ఏ రంగు వేసినా ఏదో ఒక పార్టీది అయిపోతుంది, ఎన్నికల ముందు ఎవరో ఒకరు దాన్ని చెరిపేస్తారు. అయినా వరద నీళ్ళది మట్టి రంగే కదా. ఒండ్రునే వాడాం. ఏటి ఒడ్డున తెచ్చిన ఒండ్రుని గుడ్డలో వడకట్టి, బకెట్లో రెండు రోజులు తేర్చి, అడుగున దిగిన మెత్తటి ముద్దని సున్నంలో కలిపాం. ఒక్కటే అయితే రంగు పాలిపోయినట్టు వచ్చింది. జేగురు, అంటే ఎర్రమట్టి రంగు, కలిపితే వరద గోదారి దిగింది. పట్టు కోసం నానబెట్టిన తుమ్మజిగురు. ఎమల్షన్ మానేసి సున్నం వాడడం వల్ల గోడకి ఊపిరి ఆడుతుంది. కానీ వానకి, వరదకి ఏటా వెలిసిపోతుంది. నేను దాన్ని లోపం అనుకుని మొదట్లో చాలా మథనపడ్డాను.

గీతలు మాత్రమే ఉంటే ఎవరికీ ఏమీ చెప్పవు. పక్కన ఒళ్ళు ఉండాలి. నేను ముఖాలతో మనుషుల్ని వేద్దామన్నాను. పేటలో ఆడవాళ్ళు కుదరదన్నారు. ఎవరి ముఖం వేస్తారు, ఎవరిది వదిలేస్తారు? వాళ్ళది నిజమైన ఇబ్బంది. నాకేమో ముఖం వేయడమే వచ్చిన విద్య. రెండు రోజులు వాదించి వదులుకున్నాను. సాయంత్రం వాలు ఎండలో గోడని ఆనుకుని మనిషిని నిలబెట్టి, చుట్టూ బొగ్గుతో గీశాం. ఒక ఐదేళ్ళ పాప, ఒక బడి పిల్లాడు, చంకన బిడ్డతో ఒకామె, ఒక నడివయసు మనిషి, పక్కన గేదె. గేదెని నిలబెట్టడానికి ముగ్గురు పట్టారు. ముగ్గు చేయి తిరిగిన ఆడవాళ్ళు ఆ గీతల మీద సున్నం ముగ్గుచుక్కలు పెట్టి తెల్లటి అంచు తీశారు. నా చేయి అంత నిలకడగా ఆ వంపు తిప్పలేదు, చూస్తూ నిలబడ్డాను.

మొదటి పట్టీ పాప పిక్కల దగ్గర. రెండోది పాప నడుము, గేదె మోకాళ్ళు. మూడోది పాప తల దాటి, బిడ్డతల్లి ఛాతీ. నేను పట్టీల పక్కన వివరాలు రాశాను. ఒక వారం ఉంచి, చదివేవాళ్ళు లేరని తుడిచేశాను. ఒకటి, రెండు, మూడు అంకెలు మాత్రం ఉంచాం.

1986 గీత దగ్గర పని ఆగిపోయింది. ఒక పెద్దాయన వచ్చి, "రోజూ పొద్దున్నే లేచి అది చూడాలా నేను?" అన్నాడు. ఆ వరదలో ఆయన చెల్లెలు పోయింది. ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. బొమ్మ గుర్తుచేయాలి అని గట్టిగా అనుకునే మనం, గుర్తుండడమే నరకంగా ఉన్న మనిషి ఎదురైతే ఏమనాలి? మూడు రోజులు పని ఆపి ఊళ్ళోవాళ్ళం మాట్లాడుకున్నాం. చివరికి ముందు గోడ మీద మూడు పట్టీలే ఉంచి, 1986 గీతని పక్కగోడ మీదికి మార్చాం. ఆయన వాకిట్లోంచి అది కనబడదు. ఆయన సరేనన్నాడు, సంతోషంగా కాదు. అంతకంటే మంచి దారి నాకు ఇప్పటికీ తోచలేదు.

సంతకం పెట్టలేదు. కోనసీమలో జగ్గన్నతోటకి కనుమ నాడు వచ్చే దేవుడి ప్రభల్ని చూడండి. వెదురు కట్టి, రంగు గుడ్డలు చుట్టి, చేలల్లోంచి, కాలవల్లోంచి భుజాల మీద మోసుకొస్తారు. వాటి మీద చేసినవాళ్ళ పేరుండదు, ఊరి పేరే. ఆ ప్రభ కనుమకి కావాలి, ధనుర్మాసంలో ముగ్గు కావాలి, జాతరకి గరగ, అంటే తలమీద మోసే అమ్మవారి కలశం, కావాలి. మన ప్రాంతంలో బతికి ఉన్న కళకి ఒక తిథి ఉంటుంది, ఆ రోజుకి అది లేకపోతే పని ఆగుతుంది. నా మిల్లు గోడ బొమ్మకి అలాంటి రోజు లేదు. అది ఎప్పటికీ ఉండాలని వేశాను, అందుకే ఏ రోజూ ఎవరికీ అవసరపడలేదు.

సున్నం వెలిసిపోతుందని నేను బాధపడ్డది ఇక్కడ వరమైంది. ఏటా జ్యేష్ఠంలో, ఎర్రనీళ్ళు రాకముందు, గోడకి సున్నం కొట్టి పట్టీలు మళ్ళీ గీయాలి. గీసేటప్పుడు పిల్లల్ని నిలబెట్టి చూస్తారు. పోయినేడు పాపకి నడుము దగ్గరున్న పట్టీ ఈ ఏడు తొడ దగ్గరికి వస్తుంది. ఆ మాటా ఈ మాటా మీద వరదకి ఏమేం సర్దుకోవాలో తేలిపోతుంది. బొమ్మ కంటే బొమ్మ గీసే ఆ రెండు రోజులే ఎక్కువ పని చేస్తున్నాయని నా నమ్మకం.

2022 జూలై

గోడ పూర్తయిన నెలన్నరకి పెద్ద వరద వచ్చింది. జూలైలో అంత నీరు పెద్దవాళ్ళు కూడా ఎరగమన్నారు. భద్రాచలం 71.3 అడుగులు ఎక్కింది. నేను ఊళ్ళో లేను, ఫోన్లోనే విన్నాను. రెండో హెచ్చరిక రాకముందే ఆడవాళ్ళు గోడ దగ్గర చేరి, గేదె మోకాళ్ళ పట్టీ చూసి, పశువుల్ని ఆ పూటే గట్టు మీదికి తోలించారట. బియ్యం బస్తాలు అటకెక్కించారట. కొన్ని కుటుంబాలు అప్పుడు కూడా కదల్లేదు, వాళ్ళని పడవల్లోనే తెచ్చారు. ఇదంతా గోడ వల్లే అని నేను అనను. టీవీ ఉంది, ఫోన్లు ఉన్నాయి, భద్రాచలం అంకె చూసే అందరికీ భయం పట్టుకుంది. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస వాళ్ళు గోడ మీదే చూసుకున్నారని కోడలు చెప్పింది.

ఆగస్టులో వెళ్ళాను. హాలు గోడ అడుగున పట్టీలు కడుక్కుపోయి, ముగ్గుచుక్కల అంచులు అక్కడక్కడా మిగిలాయి. మూడో పట్టీ పైన కొత్తగా ఒక గీత ఉంది, జేగురుతో, కొంచెం వంకరగా. పక్కన 22 అని రాశారు. నన్ను పిలవలేదు, అడగలేదు. సంతోషపడ్డాను. అలవాటు కొద్దీ పైపు తీసి, నీళ్ళు తీశాక గోడల మీద మిగిలిన మట్టి మరకకి పట్టి చూశాను. గీత బెత్తెడు ఎక్కువ ఎత్తులో ఉంది.

పెద్దామె అక్కడే మెట్టు మీద కూర్చుని ఉంది. గీత ఎవరు గీశారమ్మా అంటే, నేనే గీయించానండి అంది. మరక కంటే బెత్తెడు పైకి వచ్చింది, సరిచేద్దామా అన్నాను. కొలిచినదే గీతగా గీయాలని జనవరిలో నేనే పట్టుబట్టాను కదా.

ఆమె నా చేతిలో పైపు వైపు చూసింది. "దీంట్లో నీళ్ళు కదలవు కదండి బాబూ. వరద నీళ్ళు నిలబడి ఉంటాయా? పడవ పోతే అల కొడతాది, గాలేస్తే కొడతాది. మరక ఎక్కడుంటే ఏంటండి, నా మనవరాలి ముక్కులోకి నీళ్ళు పోయింది ఇక్కడ" అని లేచి వచ్చి, ఆ గీత మీద అరచెయ్యి ఆనించింది.

గొట్టంలో నీళ్ళు పారబోసి చుట్టేశాను. ఆమె చెయ్యి తీశాక, గీత వంకర పోయిన చోట జేగురు ఇంకొక పూత పెట్టమంది. పెట్టాను.